తిట్టి పెంచిన తోట

పొద్దున ఆరింటికి తాళాల పెద్దమ్మ గేటు తాళం తీసేది. సాయంత్రం ఆరింటికి మళ్ళీ వేసేది. ఆ గేటు వెనకాల ఉన్నది మూతపడ్డ పెంకుల ఫ్యాక్టరీ స్థలం. ఫ్యాక్టరీ మూతపడి ఇరవై ఏళ్ళయింది. షెడ్లు విప్పుకుని ఎవరో పట్టుకుపోయారు. బట్టీ కూలి దిబ్బయింది. ప్రహరీ గోడ రెండు చోట్ల పడిపోయి, బండి పట్టేంత దారి ఏర్పడింది. సందులో జనం పనులకు వెళ్ళేటప్పుడు అడ్డదారి అని అందులోంచే నడిచేవాళ్ళు. అయినా గేటుకు తాళం వేయడం మాత్రం ఒక్క పూట తప్పేది కాదు.

"గోడే లేనప్పుడు గేటుకు తాళమెందుకు పెద్దమ్మా?" అని ఒకసారి ఒకడు నవ్వుతూ అడిగాడు.

"బుర్ర లేకపోయినా నువ్వు తల దువ్వుకోవడం లేదూ? అలాగే ఇదీను" అంది పెద్దమ్మ. అక్కడితో ఆగలేదు. వాడి దువ్వెన దగ్గర మొదలుపెట్టి వాడి తాత దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. సాయంత్రానికి వాడి జుట్టు బెత్తెడు పెరిగింది. క్షవరం చేయించుకుని ఇంటికి పోయాడు. దాని గురించి సందులో ఎవరూ ఏమీ అనుకోలేదు. పెద్దమ్మ తిడితే పెరుగుతాయి. ఎండ కాస్తే బట్టలు ఆరతాయి. రెండూ ఒకటే వాళ్ళకి.

అయితే దానికో పద్ధతి ఉంది. ప్రాణమున్నదే పెరుగుతుంది. తుప్పు పట్టిన తాళాన్ని ఆవిడ ఇరవై ఏళ్ళుగా తిడుతూనే ఉంది, అది వీసమెత్తు పెరగలేదు. ఇంకొకటి, తిట్టు కడుపులోంచి రావాలి. ఒకావిడ తన కూతురు పొట్టిగా ఉందని తీసుకొచ్చి, కాస్త తిట్టి పుణ్యం కట్టుకోమని బతిమాలింది. పెద్దమ్మ మొహమాటానికి నాలుగు మాటలు అంది. పిల్ల ఎక్కడిదక్కడే ఉంది. అదే పిల్ల వారం తిరక్కుండా పెద్దమ్మ ఊడ్చి పెట్టిన చెత్తకుప్పలో గెంతింది. అప్పుడు పడ్డ తిట్లకు గౌను మోకాళ్ళ పైకి పోయింది.

ఆ గౌను అంచు విప్పి పొడుగు చేసినవాడు దర్జీ. సందు మొత్తానికి పొడుగాటి మనిషి అతనే. కుట్టుమిషను ముందు కూర్చుంటే మోకాళ్ళు చెవులకు తగిలేవి. చిన్నప్పుడు రోజూ గోడ దూకి పెంకు ముక్కలు ఏరుకునేవాడు, రోజూ దొరికిపోయేవాడు. ఆ తిట్ల ఫలితం అది.

పెద్దమ్మ ఉండేది గేటు పక్కన కావలివాడి గదిలో. ఒక కిటికీ, ఒక పొయ్యి, ఒక మంచం. గోడకు పదిహేడు తాళంచెవుల గుత్తి. పదహారు చెవులకు తలుపులు లేవు. కావలివాడు ఆవిడ మొగుడు. ఫ్యాక్టరీ నడిచినప్పుడూ ఆయనే కావలి, మూతపడ్డాకా ఆయనే కావలి. పన్నెండేళ్ళ కిందట గేటు దగ్గర కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. ఆయన పొడుగాటి కావలి కర్ర తలుపు వెనకాల ఆనించి ఉంది. దాన్ని ఎవరూ ముట్టుకోరు. ఊరంతటినీ తిట్టిన మనిషి మొగుడిని మాత్రం నలభై ఏళ్ళలో ఒక్క మాట అనలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, "ఆయన సందిస్తేగా" అనేది. చెప్పిన పని చేసేవాడు, పెట్టింది తినేవాడు, అడక్కపోతే మాట్లాడేవాడు కాదు. అలాంటి మనిషిని ఎక్కడ పట్టుకుని తిట్టేది?

ఒకరోజు పొద్దున గేటు మీద కాగితం అంటించి ఉంది. పెద్దమ్మకు చదువు రాదు. ముందు కాగితాన్ని తిట్టింది. అది పెరగలేదు. అప్పుడు దర్జీని పిలిచింది.

దర్జీ వంగి చదివాడు. ఈ స్థలం ఇరవై ఏళ్ళుగా ఎవరికీ పనికిరాకుండా పడి ఉంది కాబట్టి భూముల ఆఫీసువాళ్ళు తీసుకుని లారీలు నిలిపే చోటుగా చేస్తారట. గేటూ గదీ పడగొడతారట. ఈ సందువాళ్ళు గనక అందరికీ పనికొచ్చేలా సాగు చేసుకుంటే స్థలం వాళ్ళకే వదిలేస్తారట. తొంభయ్యో రోజున ఆఫీసరు వచ్చి కొలుస్తాడు. సగం నేల మీద పచ్చటి పంట కనిపించాలి.

"గది కూడానా?" అంది పెద్దమ్మ.

"గది కూడా."

ఆవిడ లోపలికి వెళ్ళి మంచం మీద కూర్చుంది. ఆవిడకు వెళ్ళడానికి ఇంకో చోటు లేదని సందులో అందరికీ తెలుసు.

ఆ సాయంత్రమే దర్జీ గడప గడపా తిరిగాడు. ఈ సందులో నిలువెత్తు మనుషులందరూ ఎవరి పుణ్యాన అలా ఉన్నారో గుర్తు చేశాడు. గుర్తు లేనివాళ్ళకు వాళ్ళ పాత లాగూల కొలతలు చెప్పాడు, అతని పుస్తకంలో అన్నీ ఉన్నాయి. కుళాయి మేస్త్రి వెంటనే వస్తానన్నాడు. రొట్టెల దుకాణం నడిపే ఆవిడను అందరూ రొట్టెలక్క అంటారు, ఆవిడా వస్తానంది. లారీల పొగ తన పిండి మీద పడడం ఆవిడకు ఇష్టం లేదు. రోజూ రెండు బస్సులు మారి వాడిపోయిన కూరలు తెచ్చుకునే నలభై కుటుంబాలూ చివరికి సరేనన్నాయి. వాళ్ళలో ఒక్కరు కూడా అంతకుముందు కుండీలో తులసి మొక్కయినా పెంచినవాళ్ళు కాదు.

మర్నాడు మొదటి పలుగు వేస్తే నేల ఠంగుమంది. ఇరవై ఏళ్ళు బట్టీ వేడికి కాలి, పైన ఇంకో ఇరవై ఏళ్ళు ఎండకు ఎండి, ఆ మట్టి కూడా పెంకే అయిపోయింది. అందులో గడ్డి కూడా మొలవడం మానేసి చాలాకాలమైంది. పదిహేను రోజులు అందరూ పెంకు ముక్కలే ఏరారు. ఏరినవాటిని మళ్ళ చుట్టూ వరుసగా నిలబెట్టారు. చేతులు బొబ్బలెక్కాయి. పెద్దమ్మ గది గుమ్మంలో కూర్చుని చూస్తూ ఉంది, పెదవి విప్పలేదు. ఆవిడ మనసు బాగా లేదు.

తర్వాత విత్తడం మొదలైంది. ఎవరికి వచ్చిన పద్ధతిలో వాళ్ళు విత్తారు. దర్జీ మెడలో టేపు వేసుకుని, సుద్దముక్కతో గీతలు గీసి, గుమ్మడి గింజలను బెత్తెడుకొకటి చొప్పున పాతాడు. రొట్టెలక్క మట్టిని పిండి జల్లెడలో జల్లించి, నీళ్ళు పోసి, పిసికి, విత్తనాలు చల్లి, అరచేతులతో గట్టిగా అదిమి, పైన తడిగుడ్డ కప్పింది. పొంగుతుందని ఆవిడ ఆశ. కుళాయి మేస్త్రి పైపు వేసి నీళ్ళు తెచ్చాడు. తెచ్చి, మిట్ట మధ్యాహ్నం, ఎండ నెత్తిన ఉండగా పూర్తిగా వదిలాడు.

పెద్దమ్మ లేచింది.

మొదట దర్జీ దగ్గరకు వచ్చింది. "ఒరే, ఇదేమన్నా చొక్కా అనుకున్నావురా? గుమ్మడికాయలు గుండీల్లా బెత్తెడుకొకటి కాస్తాయా? ఒక్కో తీగకు నీ దుకాణమంత చోటు కావాలి. కాజాలు కూడా కుట్టకపోయావా, కాయ వచ్చి దూరేది! నిన్ను చూసి మిషనుకు సిగ్గేయడం లేదూ?"

అక్కడి నుంచి రొట్టెలక్క తడిగుడ్డ లాగి పారేసింది. విత్తనానికి ఊపిరాడద్దా అంది. నీ మొహాన ఇలాగే గుడ్డ కప్పి అదిమితే పొంగుతావా అంది. ఇక మేస్త్రినైతే, కాగే నేల మీద నీళ్ళు పోయడం వేర్లను ఉడకేయడమే అని, నీ పైపుకున్నంత తిన్నని బుద్ధి కూడా నీకు లేకపోయిందే అని, అరగంట సేపు అతని ఏడు తరాలనూ కడిగి ఆరేసింది.

ముగ్గురూ తల వంచుకుని విన్నారు. మిగతావాళ్ళు పనులు ఆపి దగ్గరకు వచ్చి నిలబడ్డారు. సాయంత్రానికి నేల మీద సన్నగా పగుళ్ళు కనిపించాయి. తెల్లారేసరికి పగుళ్ళలోంచి రెండేసి ఆకులు వచ్చాయి.

ఆ రోజు నుంచి తోట పని తప్పుల పని అయింది. తప్పులు కావాలని చేసినవి కావు, వాటికి కొదవే లేదు. ఒకడు ముల్లంగి ఆకు కోసి గడ్డను పారేశాడు. ఒకావిడ వంకాయ మొక్కల మధ్య మొలిచిన కలుపును అందంగా ఉందని ప్రేమగా పెంచింది. బడి పంతులు చిక్కుడు తీగకు పందిరి వేయకుండా నేల మీద వరుసగా పడుకోబెట్టి, పక్కన పేర్లు రాసిన చీటీలు గుచ్చాడు. పెద్దమ్మ ఒక్కొక్కరినీ పట్టుకుంది. ఎవరి మడి దగ్గర ఎక్కువసేపు నిలబడితే ఆ మడి ఎక్కువ ఎదిగేది. "మా వైపు నిన్నటి నుంచి రాలేదు పెద్దమ్మా" అని కొందరు అలిగారు కూడా. తిట్టిన ప్రతిసారీ ఎలా చేయాలో చేసి చూపించేది. పల్లెలో పెరిగిన మనిషి, చేతులు ఏదీ మరిచిపోలేదు. తప్పు ఒకసారి చేసినవాడు రెండోసారి చేయలేదు.

అరవై రోజులకు స్థలంలో మూడో వంతు పచ్చబడింది. టమాటాలు ఎర్రబడ్డాయి, పాలకూర రెండుసార్లు కోసుకున్నారు. సందులో వంటలు మారిపోయాయి. పొద్దున్నే ఎవరో ఒకరు పెద్దమ్మ గుమ్మంలో ఏదో ఒకటి పెట్టి వెళ్ళేవాళ్ళు. రొట్టెలక్క రోజూ మొదటి రొట్టె వేడిగా తెచ్చి ఇచ్చి, ఆవిడ తినేదాకా కూర్చుని కబుర్లు చెప్పేది. దర్జీ మెత్తటి గుడ్డతో ఆవిడకు చేతుల జాకెట్టు కుట్టాడు. పన్నెండేళ్ళుగా వీధి చివరి నుంచి బిందె మోసుకొచ్చుకునే మనిషికి మేస్త్రి గుమ్మంలోనే కుళాయి పెట్టాడు. సాయంత్రాలు ఆవిడ గది ముందు నలుగురు చేరేవాళ్ళు.

అక్కడే చెడింది. పెద్దమ్మకు కోపం రావడం మానేసింది.

మొదట ఎవరూ గమనించలేదు. ఒకడు మొక్కల మీద కాలు వేసి నడిస్తే, "చూసి నడువు నాయనా, కాలు మడతపడుతుంది" అంది. వాడికి ఒళ్ళు చల్లబడింది. డెబ్భయ్యో రోజు నుంచి గుమ్మడి తీగ ఉన్నచోటే ఉండిపోయింది. పూసిన పువ్వు పిందె పట్టకుండా రాలింది. బట్టీ దిబ్బ వైపు నేలంతా ఇంకా బోడిగానే ఉంది.

ఇక కావాలని తప్పులు చేశారు. మేస్త్రి మళ్ళీ మిట్ట మధ్యాహ్నం నీళ్ళు వదిలాడు. పెద్దమ్మ నవ్వి, పిచ్చివాడా అని కుళాయి కట్టేసింది. దర్జీ టమాటా నారు తలకిందులుగా నాటి, వేళ్ళు పైకి పెట్టి, పక్కనే నిలబడ్డాడు. ఆవిడ అతని వీపు తట్టి, అన్నీ తిరగేసి నాటి ఇచ్చింది. మేస్త్రి చివరికి తెగించి, ఆవిడ మొహం మీదే, నీ అంత పనికిమాలిన ముసలిదాన్ని ఎక్కడా చూడలేదు అన్నాడు. అని, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. పెద్దమ్మ అతనికి మంచినీళ్ళు ఇచ్చింది.

ఆవిడకూ తెలుసు. ఎనభయ్యో రోజున దర్జీని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది.

"నోట్లో మాటుందిరా. కడుపులో మంట లేదు. పొద్దున్నే ఆ గుమ్మడి ముందు నిలబడి ఎంతసేపు ప్రయత్నించానో. నాకే నవ్వొచ్చింది. మీరందరూ కలిసి నన్ను పాడుచేశారు."

"ఏం చేద్దాం పెద్దమ్మా?"

"ఏముంది? గది పోతే పోయింది. ఈ రెండు నెలలు బాగుంది."

ఆ మాట దర్జీకి ఏ తిట్టూ తగలనంత గట్టిగా తగిలింది. ఆ సాయంత్రం అందరూ దుకాణం ముందు చేరి, ఈ పది రోజులూ పెద్దమ్మతో మాట్లాడకుండా, రొట్టె ఇవ్వకుండా, కుళాయి ఊడదీస్తే ఎలా ఉంటుందని ఆలోచించారు. అప్పుడైనా మండుతుందేమో. రొట్టెలక్క చివరిదాకా విని లేచింది. "ఆవిడకు గది మిగల్చడం కోసం ఆవిడకు మనుషుల్ని లేకుండా చేస్తారా? ఆ గదిలో కూర్చుని ఏం చేసుకుంటుంది? నేను రొట్టె మానను" అంది. ఇంకెవరూ ఆ మాట ఎత్తలేదు. ఉన్నదాన్ని బాగా చూసుకుందామని, చేతనైనంత చేద్దామని అనుకుని లేచారు.

తొంభయ్యో రోజు వచ్చింది. ఆఫీసరు పదింటికి వస్తాడని కబురు. ఎనిమిదింటికి తోటంతా శుభ్రం చేస్తుంటే చిక్కుడు పందిరి ఒక మూల వాలింది. నిలబెట్టడానికి గుంజ కావాలి. దర్జీ అటూ ఇటూ పరిగెత్తాడు. పెద్దమ్మ గది తలుపు తీసే ఉంది, ఆవిడ గుమ్మడి దగ్గర ఉంది. తొందరలో ఉన్నవాడికి తలుపు వెనకాల నిలువెత్తు కర్ర ఒకటి కనిపించింది. అది ఏ కర్రో ఆలోచించలేదు. పట్టుకొచ్చి మూర లోతున దిగ్గొట్టి, చిక్కుడు తీగను దానికి చుట్టాడు.

పెద్దమ్మ వచ్చి చూసింది. అందరూ చేతిలో పని వదిలేశారు. దర్జీకి అప్పుడు వెలిగింది. ఇప్పుడు పడతాయి, పడితే పడనీ, మంచిదే అనుకున్నాడు. కానీ ఆవిడ కర్ర మీద చెయ్యి వేసింది. చేతులు పట్టుకున్న చోట కర్ర నున్నగా మెరుస్తోంది.

"ఉండనీరా. ఆయనకు నిలబడడం అలవాటే" అంది.

పదింటికి ఆఫీసరు వచ్చాడు. పొట్టి మనిషి, బొద్దుగా, చంకలో ఫైలు, చేతిలో కొలత టేపు. చెడ్డవాడు కాదు. నమస్కారం పెట్టాడు, చెమట తుడుచుకున్నాడు, టేపు ఒక కొస దర్జీకి ఇచ్చాడు. ఇద్దరూ ప్రతి మడినీ కొలిచారు. టేపు పట్టుకోవడంలో దర్జీ చెయ్యి ఒక్క వేలెడు కూడా అటూ ఇటూ కాలేదు. అబద్ధం కొలిస్తే ఆ చేతికి మళ్ళీ చొక్కా కుదరదని అతని నమ్మకం. లెక్క తేలింది. మూడో వంతు.

"సగం కావాలి" అన్నాడు ఆఫీసరు నెమ్మదిగా. "బాగా చేశారు. కానీ సగం కావాలి." అని ఫైలు తెరిచి, గది సంగతి చూడాలి కదా అని కాగితాలు తిప్పాడు. "ఈ గది కావలివాడికి ఇచ్చింది. ఆ ఉద్యోగం ఫ్యాక్టరీ మూసిన రోజే తీసేశారు. ఇదిగో, కావలి కాయడానికి ఏమీ లేనందున అని రాసి ఉంది. ఆ ఉత్తరం అందినట్టు ఆయన వేలిముద్ర కూడా ఉంది."

"ఎప్పుడు?" అంది పెద్దమ్మ.

"ఇరవై ఏళ్ళ కిందట."

"ఆయన పోయి పన్నెండేళ్ళు."

"అయితే ఆ ఎనిమిదేళ్ళూ ఆయనకు ఉద్యోగం లేదమ్మా" అన్నాడు ఆఫీసరు.

పెద్దమ్మ ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకుని, చదువు రాకపోయినా వేలిముద్రను గుర్తుపట్టింది. బొటనవేలికి అడ్డంగా పెంకు కోసిన గీత.  ఎనిమిదేళ్ళు. రోజూ పొద్దున్నే ఆయన చొక్కా తొడుక్కుని, గుండీలు పెట్టుకుని, కర్ర తీసుకుని గేటు దగ్గరకు వెళ్ళేవాడు. మధ్యాహ్నం ఒక పూట, బయట గోడంతా చూసి వస్తానని వెళ్ళేవాడు. వచ్చేసరికి భుజం తోలు ఊడి ఉండేది. ఇదేమిటని అడిగితే కర్ర ఆనించుకుని ఆనించుకుని అలా అయిందన్నాడు. రైలు స్టేషను సరుకుల షెడ్డులో మూటలు మోస్తూ అచ్చం ఆయనలాంటి మనిషి కనిపించాడని ఎవరో చెబితే, ఆవిడ వాళ్ళనే తిట్టి పంపింది.

కాగితం ఆఫీసరుకు ఇచ్చేసి, పెద్దమ్మ చిక్కుడు పందిరి దగ్గరకు నడిచింది. కర్ర ఎదురుగా నిలబడింది.

"ఏమయ్యా" అంది.

గొంతు చిన్నగానే ఉంది. 

"ఏమయ్యా, కర్ర ఆనించుకుంటే భుజం ఊడిందా? ఎనిమిదేళ్ళు నేను వెన్న రాశానే ఆ భుజానికి! నా చేత్తో! మూటలు మోసి మోసి వచ్చి, ఏం జరగనట్టు ఆ కుర్చీలో కూర్చున్నావా? లేని ఉద్యోగానికి చొక్కా ఉతికించుకున్నావా నా చేత? ఏం కాశావయ్యా కావలి? ఈ పెంకులనా? ఈ దిబ్బనా? ఎవడెత్తుకుపోతాడని? ఒక్క మాట... నోరు నాకే ఇచ్చి నువ్వు మూసుకున్నావా? చెబితే నేనూ మోసేదాన్ని కదయ్యా సగం! నాకు రెండు భుజాలు లేవా? గది పోతుందని భయపడ్డావా? గది పోతే పోనీ, చెట్టు కింద ఉండేవాళ్ళం! ఊళ్ళో అందరినీ తిట్టాను, తిట్టాల్సిన మనిషిని పక్కలో పెట్టుకుని నలభై ఏళ్ళు దండం పెట్టాను! మంచివాడివనుకున్నాను! మంచివాడివి కాదు, మొండివాడివి! దొంగవి! ఉండీ లేని ఉద్యోగం చేసి, ఉన్న ప్రాణం పోగొట్టుకుని, ఈ పదిహేడు తాళంచెవులూ నా మొహాన పారేసి పోతావా?"

ఆవిడ ఆగలేదు. ఎవరూ ఆపలేదు. నలభై ఏళ్ళదీ, పన్నెండేళ్ళదీ, ఆయన వదిలేసిన ముద్దలదీ, చెప్పని జ్వరాలదీ అన్నీ తీసింది. ఆవిడ తిడుతుంటే చిక్కుడు తీగ కర్ర చివరిదాకా పాకి, ఇంక పట్టుకోవడానికేమీ లేక గాలిలో కాసేపు వెతుక్కుని, పక్క పందిరి అందుకుంది. గుమ్మడి తీగలు గట్టు దాటి, బోడినేల దాటి, బట్టీ దిబ్బ ఎక్కి అవతలికి దిగాయి. ఆకుల కింద కాయలు ఉబ్బుతున్న చప్పుడు, రొట్టె పొంగేటప్పుడు వచ్చే చప్పుడులాంటిది, రొట్టెలక్క ఒక్కతే గుర్తుపట్టింది. ఆఫీసరు చెప్పు చుట్టూ తీగ నులి వేసుకుంది. ఆయన కాలు పక్కకు పెట్టుకుని, ఫైలు నీడ నెత్తిన పట్టుకుని, మర్యాదగా వింటూ నిలబడ్డాడు.

చివరికి పెద్దమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "అయింది" అంది.

దర్జీ టేపు కొస మళ్ళీ అందుకున్నాడు. "సార్, ఇంకోసారి కొలుద్దామా?"

కొలిచారు. ఈసారి మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. బట్టీ దిబ్బ మీదికి కూడా ఎక్కి కొలిచారు. మనుషులు నిలబడిన చోటు తప్ప అంతా పచ్చగా ఉంది. ఆఫీసరు మొదటి లెక్క కొట్టేసి మళ్ళీ రాసి, సంతకం పెట్టి, కింద ఇంకో గడి చూశాడు.

"చెట్లు ఏమైనా ఉన్నాయా? చెట్టు ఉంటే ఇక ఎప్పటికీ ఎవరూ కదపడానికి లేదు."

చెట్లేమీ లేవని మేస్త్రి చెప్పబోయాడు. రొట్టెలక్క అతని చెయ్యి గిల్లి, చిక్కుడు పందిరి వైపు చూపించింది. కావలివాడి కర్ర పైకొసన, చేతులు అరగదీసిన చోటికి కాస్త పైన, మూడు లేత ఆకులు ఉన్నాయి. చిక్కుడు ఆకులు కావు. ఆఫీసరు దగ్గరకు వెళ్ళి, ఆకు తాకి, కర్రను కొంచెం ఊపి చూశాడు. అది కదల్లేదు, వేళ్ళు పట్టేసింది.

"చెట్టు, ఒకటి" అని రాసుకున్నాడు. "పక్కన వివరం రాయాలి. ఇదేం చెట్టమ్మా?"

ఆ కర్ర ఏ చెట్టుదో పెద్దమ్మకూ తెలియదు. 

"ఉద్యోగంలో ఉన్నాడని రాసుకోండి" అంది.

ఆఫీసరు అలాగే రాశాడు. ఫైలు మూసి, నమస్కారం పెట్టి, బయలుదేరబోయి ఆగాడు. ఆయన ప్యాంటు అంచులు చీలమండలకు నాలుగు వేళ్ళ పైన ఉన్నాయి. చొక్కా చేతులు మణికట్టు దాటి వెనక్కి పోయాయి. తిట్లు తనను అన్నవి కాకపోయినా గంటకు పైగా మరీ దగ్గరగా నిలబడ్డాడు. దర్జీ ఆయన్ను పైనుంచి కింది దాకా ఒకసారి చూసి, అంచులో గుడ్డ మిగులు ఉందని, పది నిమిషాల్లో విప్పి కుట్టి ఇస్తానని దుకాణానికి తీసుకెళ్ళాడు. ఆఫీసరు దుకాణం అద్దంలో తనను తాను చాలాసేపు చూసుకున్నాడు. పై నెలలో వచ్చి తనకూ ఒక మడి ఇవ్వగలరా అని అడిగాడు. ఇచ్చారు. అందులో ఆయన మొక్కలను ఎత్తు వారీగా నిలబెట్టి, ఒక్కోదానికి నంబరు వేశాడు. పెద్దమ్మ చూడనే చూసింది. పక్క మళ్ళవాళ్ళు మాట్లాడకుండా వచ్చి, వినపడేంత దూరంలో కూర్చున్నారు.

గేటుకు ఇప్పుడు తాళం లేదు. పదిహేడు తాళంచెవులనూ దారాలకు గుచ్చి టమాటా మళ్ళ మీద వేలాడదీశారు. గాలి వస్తే గలగలమంటాయి, పిట్టలు వాలవు. పెద్దమ్మకు కోపం రాదేమో అని ఇక ఎవరికీ బెంగ లేదు. నలభై ఏళ్ళ బాకీ ఒక్కరోజులో తీరేది కాదు. రోజూ పొద్దున ఆరింటికి గది తలుపు తీస్తుంది, రొట్టెలక్క తెచ్చిన రొట్టె సగం తింటుంది, చేతులు నడుముకు పెట్టుకుని ఆ చెట్టు ముందు నిలబడుతుంది.

"ఏమయ్యా" అని మొదలుపెడుతుంది.

చెట్టు ఇప్పటికే గది కప్పు దాటింది.